పదిహేడు నెలల వేతన చర్చలు: బల్లకు ఇటువైపు కూర్చున్న నా అనుభవం

2025 సెప్టెంబర్ 26, శుక్రవారం సాయంత్రం. మా ఫ్యాక్టరీ మిషన్ షాపులో అందరి ఫోన్లూ ఒకదాని వెంట ఒకటి మోగాయి. బ్యాంకు మెసేజ్‌లు. ఎరియర్స్, అంటే పాత నెలల జీతం బకాయిలు, పడ్డాయి. పక్క మిషన్ మీద పనిచేసే తమ్ముడు తన ఫోన్ నాకు చూపించి, ఏమీ మాట్లాడకుండా నా భుజం మీద చెయ్యి వేశాడు. నాలుగు వారాల కింద ఇదే తమ్ముడు గేటు బయట పదిమందిలో నిలబెట్టి "అన్నా, ఎంతకు అమ్ముడుపోయిన్రు?" అని అడిగాడు. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను.

మాది పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం. జర్మనీలో హెడ్డాఫీసు ఉన్న ఒక ఇంజినీరింగ్ కంపెనీకి ఇక్కడున్న ప్లాంటులో 14 ఏళ్లుగా సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్) ఆపరేటర్‌ని. 2024లో యూనియన్‌కు జాయింట్ సెక్రటరీగా ఎన్నికయ్యాను. అంతకుముందు మేనేజ్‌మెంట్‌తో చర్చలకు ఎప్పుడూ కూర్చోలేదు. రేపు మీలో ఎవరైనా అలా కూర్చోవాల్సి వస్తే, లోపల ఏం జరుగుతుందో ముందే తెలియాలని ఇదంతా రాస్తున్నాను. నాకు చెప్పినవాళ్లు లేక చాలా పోగొట్టుకున్నాం.

మా పాత ఒప్పందం గడువు 2024 మార్చి 31తో ముగిసింది. గడువు ముగిసినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. దాన్ని ముగించుకుంటున్నామని రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, రెండు నెలలు గడిచేదాకా పాతదే నడుస్తుందని అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. మాకంటే ముందున్న కమిటీ జనవరి 25నే నోటీసు ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకుంది. ఆ ఒక్క కాగితం లేకపోతే ఎరియర్స్ ఎప్పటినుంచి లెక్కగట్టాలన్న దగ్గరే మా కథ ముగిసేది. జూన్‌లో కార్మిక శాఖ ఏ యూనియన్ చర్చలకు కూర్చోవాలో తేల్చే గుర్తింపు ఎన్నికను రహస్య బ్యాలెట్‌తో పెట్టింది. 412 ఓట్లు పోలైతే 37 ఓట్ల తేడాతో మా యూనియన్ గెలిచింది. అంటే దాదాపు సగం మంది మమ్మల్ని వద్దనుకున్నవాళ్లే. వాళ్ల తరఫున కూడా మాట్లాడాల్సింది మేమే.

ఇస్నాపూర్‌లో ఒక అద్దె గదిలో ఐదు ఆదివారాలు కూర్చుని డిమాండ్ల పత్రం రాశాం. ఎవరు ఏది చెబితే అది చేర్చాం. మొత్తం 43 తేలాయి. ఇప్పుడైతే 15 మించి రాయను. ఎందుకంటే మొదటి నాలుగు నెలలు మేనేజ్‌మెంట్ చిన్నవాటి మీదే మాట్లాడింది. క్యాంటీన్‌లో గుడ్డు, బస్సు రూటు, వాటర్ కూలరు. ఒక్కొక్కటీ ఒప్పుకుంటూ, చివరికి జీతం దగ్గరికి వచ్చేసరికి "ఇప్పటికే 11 డిమాండ్లు ఒప్పుకున్నాం కదా, ఇంకా ఏం కావాలి?" అన్నారు.

మొదటి సమావేశం 2024 సెప్టెంబర్ 11న. పత్రం ఇచ్చిన ఏడు వారాలకు. మేము ఐదుగురం, అటు ఆరుగురు. ఏసీ హాలు, ముందు నీళ్ల సీసాలు, పేర్లు రాసిన అట్టముక్కలు. చేతికి అంటిన కూలెంట్ (మిషన్‌ను చల్లబరిచే ద్రవం) వాసన ఆ గదిలో నాకే తెలుస్తోంది. హెచ్‌ఆర్ హెడ్ ఇంగ్లీషులో మొదలుపెట్టి అరగంట ఆపలేదు. మా అధ్యక్షుడికి తెలుగు, హిందీ తప్ప రాదు. మధ్యలో ఆపి "సార్, తెలుగులో చెప్పండి" అనడానికి మాకెవరికీ నోరు రాలేదు. ఆ అరగంట మౌనం గురించి ఇప్పటికీ బాధపడతాను. రెండో సమావేశంలో ఆ మాట నేనే అన్నాను. ఆయన వెంటనే తెలుగులోకి మారాడు. ఆయనది గుంటూరు వైపు అట, మా కంటే మంచి తెలుగు మాట్లాడతాడు. అడిగితే సరిపోయేది!

నాలుగు రోజులకు మెయిల్‌లో మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో రాసిన కాగితం, వచ్చాయి, ఇంగ్లీషులో. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయితో చదివించాను. సేఫ్టీ షూ ఏడాదికి రెండు జతలు ఇస్తామని ఆ రోజు నోటితో అన్నారు. మా అమ్మాయి రెండుసార్లు చదివి, "నాన్నా, ఇందులో ఇస్తామని లేదు. షూ గురించి మాట్లాడుకున్నారని మాత్రమే ఉంది" అంది. ఎన్ని పేజీలు తిప్పినా అదే మాట, 'డిస్కస్డ్'. 'అగ్రీడ్' అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

తర్వాతి సమావేశానికి నేను ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని వెళ్లాను. అట్ట మీద మా అమ్మాయి చేత "చర్చల పుస్తకం" అని రాయించాను. ప్రతి పేజీకి మూడు గీతలు. మేము అడిగింది ఒకవైపు, వాళ్లు చెప్పింది మధ్యలో, ఎప్పటిలోగా అన్నది చివర. సమావేశం అయ్యాక అక్కడికక్కడే అందరూ సంతకం పెట్టాలని అడిగాం. హెచ్‌ఆర్ హెడ్ కుదరదన్నాడు. కంపెనీ పద్ధతి కాదన్నాడు. రెండు సమావేశాలు ఆ పుస్తకం మీదే గడిచిపోయాయి. నాలుగోసారి ప్లాంట్ హెడ్ ఆ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, నేను రాసిన పేజీ మొత్తం నిదానంగా చదివి, ఒక అక్షర దోషం దిద్ది, కింద సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఒప్పందం అయ్యేసరికి అది 118 పేజీలు నిండింది. చివర్లో ఏ గొడవ వచ్చినా రెండు వైపులా ముందు ఆ పుస్తకమే తెరిచేవాళ్లం.

జీతం సంగతి ఎత్తితే మాత్రం ఒకటే జవాబు: "గ్లోబల్ అప్రూవల్ రావాలి." అంటే జర్మనీ హెడ్డాఫీసు ఒప్పుకోవాలి. అక్టోబర్‌లో అదే మాట. నవంబర్‌లో అదే. డిసెంబర్‌లో అక్కడ క్రిస్మస్ సెలవులు. ఎదురుగా కూర్చున్న మనుషులు మా మీద కక్షతో ఆపుతున్నారని అప్పట్లో నమ్మాను. బయట సభ్యులకు కూడా అలాగే చెప్పాను. అది నా తప్పు. వాళ్ల చేతిలో ఏమీ లేదని, ఏడాది బడ్జెట్ అక్కడ ముందే ఖరారైపోతుందని, ఆ తర్వాత ప్రతి రూపాయికీ విడిగా అనుమతి తెచ్చుకోవాలని మాకు తెలిసేసరికి ఆరు నెలలు పోయాయి. విదేశీ కంపెనీలో చర్చలకు వెళ్లేవాళ్లు మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "సార్, ఈ బల్ల దగ్గర మీరు ఎంతవరకు ఒప్పుకోగలరు? ఆ పైన ఎవరిని అడగాలి?" మేము ఎనిమిది నెలల తర్వాత అడిగాం.

2025 జనవరి 22న మొదటి ఆఫర్ వచ్చింది. నెలకు 6,500 పెంపు. గంటలో ప్లాంటంతా పాకింది. కొందరు చప్పట్లు కొట్టారు కూడా. ఆ రాత్రి క్యాంటీన్ బెంచీ మీద మేము ముగ్గురం కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చున్నాం. 6,500 అన్నది సీటీసీ లెక్క, అంటే మనిషి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. అది కూడా మొదటి ఏడాది సగమే, అంటే 3,250. మిగతాది తర్వాతి ఏళ్లలో. ఆ 3,250లో క్యాంటీన్, బస్సు ఖర్చు పెరిగిందని 615 వేశారు. కంపెనీ కట్టే పీఎఫ్ 168, గ్రాట్యుటీ 67. మిగిలిన 2,400లో బేసిక్ 1,400, అలవెన్సులు 1,000. మా దగ్గర పీఎఫ్ అసలు బేసిక్ మీదే కట్ అవుతుంది కాబట్టి మా వాటా ఇంకో 168 పోతుంది. చేతికి వచ్చేది 2,232. మూడుసార్లు లెక్క చూశాం. మారలేదు. పొద్దున షిఫ్టుకు ఆ లెక్కను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి నోటీసు బోర్డుకు అంటించాం. ఆ కాగితం ముందు నిలబడి చదువుతున్నవాళ్ల ముఖాలు చూస్తే తెలిసింది, 14 ఏళ్ల సర్వీసులో మా జీతం ఎలా లెక్కగడతారో మాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదని.

ఫిబ్రవరిలో నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నాం. ఒక రోజు క్యాంటీన్ భోజనం మానేశాం. పని మాత్రం ఆపలేదు. వారం తిరక్కుండా నన్ను మిషన్ నుంచి తీసి స్టోర్స్‌లో వేశారు. కారణం "బిజినెస్ అవసరం" అని రాశారు. మిషన్ మీద వచ్చే ఇన్సెంటివ్ నెలకు 1,800 పోయింది. డబ్బు కంటే, రోజూ నా చేతికింద తిరిగిన మిషన్‌ను అద్దంలోంచి చూస్తూ బోల్టులు లెక్కపెట్టడం ఎక్కువ బాధించింది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. మా ఆవిడ "మీరొక్కరే ఎందుకు ముందుకు పోతరు? మనకు ఆడపిల్ల ఉంది" అని ఒకసారి అంది. మళ్లీ అనలేదు. ఆమె రెండోసారి అని ఉంటే రాజీనామా ఇచ్చేవాణ్నేమో.

దారి దొరికింది క్యాంటీన్ గోడ మీద. చేతులు కడుక్కునే చోట, కుళాయిల పైన, ఒక పోస్టర్ ఏడాదికి పైగా ఉంది. ఇంగ్లీషులో, హిందీలో. దాని మీద నీళ్ల మరకలు. ఎవరూ చదివింది లేదు. మా కోశాధికారి ఒక రోజు చదివి ఫొటో తీశాడు. ఫిర్యాదులు చేసుకోవడానికి హెడ్డాఫీసు పెట్టిన మెయిల్ అడ్రస్ అది. జర్మనీలో 2023 నుంచి సరఫరా గొలుసు చట్టం ఒకటి అమల్లో ఉంది. 2024 నుంచి వెయ్యి మంది ఉద్యోగులున్న కంపెనీలకు కూడా వర్తిస్తోంది. కార్మికుల హక్కుల మీద ఫిర్యాదు చేసుకునే మార్గం కంపెనీయే పెట్టాలని, సంఘం పెట్టుకునే హక్కు, ఉమ్మడిగా బేరమాడే హక్కు కూడా అందులోకే వస్తాయని మా లాయరు చెప్పాడు. మార్చి 10న రాశాం. కోపంగా ఏమీ రాయలేదు. తేదీలు, ఎన్ని సమావేశాలు, ఎన్నిసార్లు "అప్రూవల్ రావాలి" అన్నారు, నా బదిలీ, చర్చల పుస్తకం పేజీల ఫొటోలు. 11 రోజులకు జవాబు వచ్చింది. ముట్టింది, పరిశీలిస్తున్నాం అని రెండే వాక్యాలు. నిరాశపడ్డాం. కానీ మే 14న సింగపూర్ నుంచి రీజినల్ హెచ్‌ఆర్ అధికారి స్వయంగా దిగాడు.

ఆయన బల్లకు అటువైపు కాకుండా మా వరుసలో, మా అధ్యక్షుడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను మూడు నెలలుగా మనసులో పెట్టుకున్న మాట అడిగాను: "సార్, మన కంపెనీ పుట్టిన దేశంలో ప్లాంటు కార్మికులు ఎన్నుకున్న వర్క్స్ కౌన్సిల్ ఉంటుందట. రెండు వేల మందికి పైగా పనిచేసే కంపెనీల్లో పర్యవేక్షక మండలిలో సగం మంది ఉద్యోగుల ప్రతినిధులేనట. ఇక్కడ మేము ఒక అంకె కోసం ఎనిమిది నెలలు ఎందుకు తిరగాలి?" ఆయన నవ్వలేదు, దాటవేయలేదు. ఆ దేశపు చట్టం ఆ దేశానికే అన్నాడు. ఇక్కడి టీముకు ఇచ్చిన పరిమితి 6,500 మాత్రమేనని, అంతకు మించితే తనే పై వాళ్లను ఒప్పించాలని, అందుకు ఉత్పత్తి లెక్కలు కావాలని అన్నాడు. ఒళ్లు మండింది. అదే సమయంలో గుండె మీంచి బరువు దిగినట్టూ అయింది. మొదటిసారి ఒక మనిషి నిజం చెప్పాడు. ఆ రాత్రే రెండేళ్ల ఉత్పత్తి లెక్కలు బయటికి తీశాం. షిఫ్టుకు ఎన్ని పీసులు, స్క్రాప్ ఎంత తగ్గింది, అన్నీ మా సెల్ బోర్డుల (మిషన్ల దగ్గర లెక్కలు రాసే పలకల) మీద మేమే రాసుకున్నవి. మా చేతిరాతే మాకు సాక్ష్యమైంది. జూన్ మొదటి తేదీన నన్ను తిరిగి మిషన్ మీదికి పంపారు.

అయినా అంకె కదలలేదు. జూన్ 9న కార్మిక శాఖకు వివాదం లేఖ ఇచ్చాం. 24న మొదటి ఉమ్మడి సమావేశం జరిగింది. రెండోది జూలై 8న పెట్టారు.

ఆ మధ్యలో జూన్ 30 వచ్చింది. సోమవారం పొద్దున పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో పేలుడు. నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. మా ప్లాంటులో అందరూ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మా కాంట్రాక్టు కుర్రాళ్లలో ఒకడి ఊరివాళ్లు అక్కడ పనిచేస్తారు. రెండు రోజులు వాడు ఆసుపత్రుల చుట్టూ తిరిగాడు. లోపల ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో తేలక, ఫొటోలు పట్టుకుని నిలబడిన కుటుంబాలను చూశానని చెప్పి ఏడ్చాడు.

జూలై 8న జీతం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా పత్రంలో కాంట్రాక్టు కార్మికుల భద్రత 38వ డిమాండు. అంత కింద రాసుకున్నాం. సిగ్గుగా అనిపించింది. ఆ రోజు దాన్ని మొదటికి తెచ్చాం. ప్రతి షిఫ్టు మొదలైన అరగంటలో లోపలున్న ప్రతి మనిషి పేరు, పర్మనెంట్ అయినా కాంట్రాక్టు అయినా, ప్రింటు తీసి గేటు దగ్గర, అసెంబ్లీ పాయింటు (ప్రమాదం జరిగితే అందరూ చేరాల్సిన చోటు) దగ్గర పెట్టాలి. సేఫ్టీ కమిటీలో కాంట్రాక్టువాళ్ల నుంచి ఇద్దరు ఉండాలి. ప్లాంట్ హెడ్ ఎవరి అప్రూవలూ అడగకుండా అక్కడే ఒప్పుకుని పుస్తకంలో సంతకం పెట్టాడు. పదినెలల్లో 40 నిమిషాల్లో తేలిన విషయం అదొక్కటే.

ఆగస్టు 28, వినాయక చవితి మర్నాడు, పొద్దున 11కి కూర్చుంటే రాత్రి 1:40కి లేచాం. మధ్యలో ఏడుసార్లు మమ్మల్ని బయటికి పంపి సింగపూర్‌తో ఫోన్లు మాట్లాడారు. కారిడార్‌లో గోడకానుకుని కూర్చున్నాం. కంపెనీ నాలుగేళ్ల ఒప్పందం అంది, మేము మూడేళ్లు అన్నాం. 42 నెలల దగ్గర కలిశాం. అంకె 8,900. క్యాంటీన్, బస్సు ఆ లెక్కలోంచి బయటికి. మొదటి విడత 55 శాతం, తర్వాత 25, 20. ఎరియర్స్ 2024 ఏప్రిల్ నుంచి, దసరాకు ముందే. మేము అడిగింది 14,000. తెల్లారి గేటు దగ్గర 8,900 అని చెప్పినప్పుడే ఆ "అమ్ముడుపోయిన్రు" మాట పడింది.

సంతకాల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ప్లాంటులోనే సంతకాలు చేసుకుందామంది కంపెనీ. అలా చేసుకుంటే అది అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో సెక్షన్ 18(1) ఒప్పందం, సంతకం పెట్టిన యూనియన్ సభ్యులకే వర్తించేది. కార్మిక శాఖ అధికారి సమక్షంలో అయితే సెక్షన్ 12(3), మాకు ఓటు వేయనివాళ్లతో సహా అందరికీ వర్తించేది. ఆ ఒక్క మాట మీద వారం ఆగాం. సెప్టెంబర్ 4న కార్మిక శాఖ కార్యాలయంలోనే సంతకాలయ్యాయి. నా చేయి వణికింది. మూడు ప్రతుల మీదా నా సంతకం మూడు రకాలుగా ఉంది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు (చట్టాలు) అమల్లోకి వచ్చాయి. ఇక మీదట ఒకటి కంటే ఎక్కువ యూనియన్లున్న చోట, మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న యూనియన్‌కే ఒంటరిగా చర్చించే హక్కు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ముందు ఆ లెక్క చూసుకోండి.

ఖర్చులు కూడా చెబుతాను. లాయరు ఫీజు 15,000 యూనియన్ కట్టింది. నా సొంత సెలవులు 23 పోయాయి. ఇన్సెంటివ్ నాలుగు నెలలది 7,200 పోయింది, తిరిగి రాలేదు. ఎరియర్స్ నాకు యూనియన్ ఫండ్ పోను 79 వేలు వచ్చాయి. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాను. బతుకమ్మకు మా ఆవిడకు చీర కొన్నాను.

రానిది కూడా ఉంది. 60 మంది కాంట్రాక్టువాళ్లను పర్మనెంట్ చేయమంటే 12 మందిని ట్రైనీలుగా తీసుకున్నారు. మిగతా 48 మందికి ఈ ఒప్పందంలో రూపాయి లేదు. ఎరియర్స్ పడ్డ రోజు వాళ్లు మా సంబరం చూస్తూ పని చేసుకున్నారు. పాశమైలారం పేలుడప్పుడు ఊరివాళ్ల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కుర్రాడు ఈ 48 మందిలోనే ఉన్నాడు. వాడు రోజూ షిఫ్టుకు రాగానే గేటు దగ్గర ప్రింటు తీసిన జాబితా ముందు ఆగుతాడు. వేలితో కిందికి జరుపుకుంటూ తన పేరు వెతుక్కుంటాడు. కనిపించాకే పనిలోకి వెళతాడు.